కెనడా కాలేజీలో బిజినెస్, రియల్ ఎస్టేట్, సోషల్ సైన్సెస్: కోర్సు ఎంపిక నుంచి వర్క్ పర్మిట్ దాకా

కెనడా వెళ్లాలనుకునేవాళ్లు ముందు సబ్జెక్టు చూస్తారు, తర్వాత బంధువులున్న ఊరు, ఆపైన ఫీజు. బిజినెస్, రియల్ ఎస్టేట్, సోషల్ సైన్సెస్ చదవాలనుకునేవాళ్లు మాత్రం ఈ వరసను తిరగేయాలి. చదువు అయ్యాక చేతికి ఏ పట్టా వస్తుందో ముందు తేల్చుకోవాలి. సర్టిఫికెట్టా, డిప్లొమానా, బ్యాచిలర్స్ డిగ్రీనా అన్నదాన్ని బట్టే చదివాక అక్కడ ఉద్యోగం చేసుకునే వీలుంటుందో లేదో నిర్ణయమవుతుంది. 2024 నవంబరు నుంచి మారిన నిబంధనల దెబ్బ ఎక్కువగా పడింది ఈ మూడు సబ్జెక్టుల మీదే.

1. ముందు పట్టా, తర్వాతే సబ్జెక్టు

కెనడా పబ్లిక్ కాలేజీల్లో ఏడాది సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా, ఒంటారియోలో మూడేళ్ల అడ్వాన్స్‌డ్ డిప్లొమా, ఇక్కడ డిగ్రీ చేసి వెళ్లేవాళ్ల కోసం ఏడాది గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, బ్రిటిష్ కొలంబియాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, చాలా కాలేజీల్లో నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటాయి. మన దగ్గర ‘కాలేజీ’ అంటే డిగ్రీయే గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు, ఎక్కువ సీట్లు డిప్లొమాలవే.

చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్‌ను పీజీడబ్ల్యూపీ అంటారు. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు చేసినవాళ్లు బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ కాకుండా ఇంకేది చదివినా, ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన రంగాల జాబితాలో ఉండాలి. వ్యవసాయం, ఆరోగ్యం, సైన్సు-ఇంజినీరింగు, చేతివృత్తులు, రవాణా, శిశువిద్య లాంటివి అందులో ఉన్నాయి. మామూలు బిజినెస్ డిప్లొమాలు, రియల్ ఎస్టేట్, సైకాలజీ, సోషియాలజీ అందులో లేవు. బ్యాచిలర్స్ డిగ్రీకి ఈ రంగం షరతు లేదు, ఆ డిగ్రీ కాలేజీ ఇచ్చినదైనా సరే.

మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బీకామో, బీటెక్కో చేసి హెచ్ఆర్‌లో ఒకటి, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఒకటి, రెండు ఏడాది గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్లు కలిపి ‘రెండేళ్ల ప్యాకేజీ’గా తీసుకుంటే మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చే రోజులుండేవి. కన్సల్టెన్సీల గోడల మీద ఆ పాత పోస్టర్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు అదే ప్యాకేజీ తీసుకుంటే చదువవుతుంది, వర్క్ పర్మిట్ రాదు.

కోర్సు పేరు చూసి ఏదీ తేల్చుకోవద్దు. ప్రతి కోర్సుకీ ఆరు అంకెల సీఐపీ కోడ్ ఉంటుంది. 52తో మొదలైతే బిజినెస్ కుటుంబం, 45 అయితే సోషల్ సైన్సెస్, 42 అయితే సైకాలజీ. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టి మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి: కోర్సు సీఐపీ కోడ్, వచ్చే పట్టా రకం, ఆ కోర్సుకు పీజీడబ్ల్యూపీ అర్హత. ఆ కోడ్‌ను ఐఆర్‌సీసీ, అంటే కెనడా ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని జాబితాలో మీరే వెతకండి. ‘బిజినెస్’ అని పేరున్న కోర్సు డేటా ఎనలిటిక్స్ కోడ్ కింద ఉండి జాబితాలో కనిపించవచ్చు. పేరు ఘనంగా ఉండి కోడ్ లేనివీ ఉంటాయి. జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి, స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు చేసిన రోజు ఆ కోడ్ జాబితాలో ఉన్నట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఆ రోజున ఉంటే, తర్వాత తీసేసినా మీకు వర్తిస్తుంది.

కాలేజీ విషయంలోనూ ఒక జల్లెడ ఉంది. అంతర్జాతీయ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న సంస్థను డీఎల్ఐ అంటారు. దాని నంబరు ‘ఓ’ అనే ఇంగ్లిష్ అక్షరంతో మొదలవుతుంది, సున్నాతో కాదు. ఫారంలో సున్నా కొట్టి తిప్పలు పడేవాళ్లు ఉన్నారు. డీఎల్ఐ అయినంత మాత్రాన పీజీడబ్ల్యూపీ ఉన్నట్టు కాదు, జాబితాలో దానికి వేరే గడి ఉంటుంది. పబ్లిక్ కాలేజీ పేరు మీద ప్రైవేటు క్యాంపస్‌లో పాఠాలు చెప్పే ఏర్పాటులో 2024 మే 15 నుంచి చేరినవాళ్లకు ఆ అర్హత లేదు. కాలేజీ పేరుతో పాటు మీరు కూర్చునే క్యాంపస్ ఎవరిదో కూడా అడగండి.

2. మీకు మిగిలే దారులు

ఇంటర్ అయినవాళ్లకు రెండు మంచి దారులున్నాయి. ఒకటి, కాలేజీలోనే నాలుగేళ్ల బీబీఏ. వాంకూవర్ ప్రాంతంలో లాంగారా, డగ్లస్ కాలేజీల్లో ఇది ఉంది. రెండోది, రెండేళ్లు కాలేజీ, రెండేళ్లు యూనివర్సిటీ. దీని గురించి సోషల్ సైన్సెస్ దగ్గర వివరంగా చెప్తాం.

డిగ్రీ అయినవాళ్లు బిజినెస్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ మాట మరిచిపోయి మాస్టర్స్ చూసుకోవడం మేలు. పెళ్లయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2025 జనవరి 21 నుంచి డిప్లొమా విద్యార్థుల భార్యకో భర్తకో ఓపెన్ వర్క్ పర్మిట్ (ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే అనుమతి) రావడం లేదు. పదహారు నెలలు అంతకు మించిన మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకా కొన్ని ప్రొఫెషనల్ డిగ్రీలకే ఆ సౌకర్యం మిగిలింది.

ఇప్పటికే పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద బ్రాంప్టన్‌లోనో సర్రేలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలవాళ్లకు ఈ ఆంక్షలేవీ లేవు. స్టడీ పర్మిట్ అక్కర్లేదు, ఫీజు అంతర్జాతీయ విద్యార్థి కట్టే దానిలో చిన్న భాగం, ఒంటారియోలో ఓసాప్ లాంటి ప్రభుత్వ సాయానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. రెండేళ్ల అకౌంటింగ్ డిప్లొమా, రియల్ ఎస్టేట్ లైసెన్స్ నిజంగా అక్కరకొచ్చేది వీళ్లకే.

3. బిజినెస్: ఏం చదువుతారు, ఎక్కడ తడబడతారు

మొదటి ఏడాది ఎక్కడైనా దాదాపు ఒకటే: ఫైనాన్షియల్ అకౌంటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్, బిజినెస్ మ్యాథ్స్, మార్కెటింగ్, ఆర్గనైజేషనల్ బిహేవియర్, బిజినెస్ కమ్యూనికేషన్, ఎక్సెల్. ఇంటర్‌లో ఎంఈసీ చదివినవాళ్లకు ఇబ్బంది లేదు. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు పన్నెండో తరగతి మ్యాథ్స్ లేదన్న సమస్య వస్తుంది. చాలా బీబీఏలకు అది తప్పనిసరి. కాలేజీ సొంత మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ పరీక్ష పెడుతుంది, లేదంటే ముందు ఒక మ్యాథ్స్ కోర్సు చేయమంటుంది. దానికి ఒక సెమిస్టరు, ఆ సెమిస్టరు ఫీజు అదనం. ఆఫర్ లెటర్‌లో షరతులన్న చోట ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అకౌంటింగ్‌లో మనవాళ్లు మూడు చోట్ల తడబడతారు. వచ్చినదాన్ని డెబిట్ చెయ్యి, పోయినదాన్ని క్రెడిట్ చెయ్యి అనే బంగారు సూత్రాలు అక్కడ చెప్పరు. ఆస్తులు సమానం అప్పులు ప్లస్ యజమాని వాటా అన్న సమీకరణం నుంచే అన్నీ నడిపిస్తారు. పాత సూత్రంతో జవాబు సరిగ్గానే వస్తుంది, కారణం రాయమన్నప్పుడు మార్కులు పోతాయి. రెండోది పన్నులు: ఒంటారియోలో హెచ్ఎస్‌టీ 13 శాతం, అల్బర్టాలో జీఎస్‌టీ 5 శాతం మాత్రమే, బ్రిటిష్ కొలంబియాలో జీఎస్‌టీ 5, పీఎస్‌టీ (ప్రావిన్సు అమ్మకపు పన్ను) 7 వేర్వేరుగా. పీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అది ఖర్చులో కలిసిపోతుంది. మన జీఎస్‌టీ అలవాటుతో దాన్ని వెనక్కి రావాల్సిన సొమ్ముగా ఎంట్రీ వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. మూడోది చిన్నదే కానీ పరీక్షలో ముంచుతుంది. 1,25,000 అని లక్షల్లో కామా పెట్టే చేతికి 125,000 అలవాటు కావాలి. పదిలక్షలు దాటాక ఒక సున్నా తేడా ఇట్టే వచ్చేస్తుంది.

బిజినెస్ కమ్యూనికేషన్ తేలిక సబ్జెక్టని వదిలేయకండి. ‘రెస్పెక్టెడ్ సర్’, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అని మొదలెడితే అక్కడ నవ్వుకోరు గానీ మార్కులు కోస్తారు. కావాల్సింది మొదటి వాక్యంలోనే చెప్పాలి, కారణం రెండో వాక్యంలో. పాఠం చెప్పేవాళ్లను సాధారణంగా పేరు పెట్టే పిలుస్తారు. మొదటి నెల నోరు రాదు, తర్వాత అదే అలవాటవుతుంది.

అకౌంటెంటుగా స్థిరపడాలంటే సీపీఏ అనే వృత్తి అర్హత ఉండాలి, దానికి బ్యాచిలర్స్ డిగ్రీ కావాలి. డిప్లొమాతో బుక్‌కీపింగ్, పేరోల్ ఉద్యోగాల దాకా వెళ్లొచ్చు.

4. రియల్ ఎస్టేట్: లైసెన్స్ వేరు, చదువు వేరు

ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు కావడానికి కాలేజీ డిప్లొమా అక్కర్లేదు, ప్రాంతీయ ప్రభుత్వ లైసెన్స్ కావాలి. బ్రిటిష్ కొలంబియాలో నియంత్రణ సంస్థ బీసీఎఫ్ఎస్ఏ. లైసెన్స్ కోర్సు నడిపేది యూబీసీ (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ) సౌడర్ బిజినెస్ స్కూల్. వయసు 19 నిండాలి, పరీక్షలో 70 శాతం రావాలి. ఒంటారియోలో నియంత్రణ ఆర్‌ఈసీఓది. వయసు 18, వరసగా కోర్సులు, సిమ్యులేషన్లు, పరీక్షల్లో 75 శాతం. అక్కడి చట్టం 2023 డిసెంబరు 1న మారింది, పాత నోట్సు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోకండి. ఒక ప్రావిన్సు లైసెన్స్ పక్క ప్రావిన్సులో నేరుగా చెల్లదు. పైగా ఏజెంటు బతుకంతా కమీషన్ మీదే. స్టడీ పర్మిట్ మీద వచ్చి, లైసెన్స్ తీసుకుని ఫీజు సంపాదించుకుంటానన్న లెక్క వేసుకోవద్దు.

కాలేజీలో చదివేది ఇంకో వైపు: ఆస్తి విలువ కట్టడం, పన్ను మదింపు, భవనాల నిర్వహణ. అల్బర్టాలో లేక్‌లాండ్ కాలేజీలో బిజినెస్ డిప్లొమాలో రియల్ ఎస్టేట్ అప్రైజల్ విభాగం ఉంది, టొరంటోలో సెనెకాలో రియల్ ప్రాపర్టీ అడ్మినిస్ట్రేషన్ ఉంది. అప్రైజర్‌గా పూర్తి హోదా కావాలంటే అప్రైజల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడా మళ్లీ డిగ్రీయే అడుగుతుంది.

ఈ చదువులో ఎక్కువమంది తప్పేది మార్ట్‌గేజ్ లెక్క. కెనడాలో ఫిక్స్‌డ్ రేటు ఇంటి అప్పుకు వడ్డీ చక్రవడ్డీగా ఏడాదికి రెండుసార్లు కలుస్తుంది, వాయిదా మాత్రం నెలనెలా కడతారు. మన హోమ్ లోన్‌లో వడ్డీ నెలనెలా లెక్కిస్తారు. అదే అలవాటుతో చేస్తే జవాబు దగ్గర్లోనే ఉంటుంది, కానీ తప్పు. 4,00,000 డాలర్ల అప్పు, 5 శాతం, 25 ఏళ్లు అనుకుందాం. దాదాపు ప్రతి కాలేజీలో వాడే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీఏ టూ ప్లస్ కాల్క్యులేటర్ మీద ఇలా చేయాలి.

ముందు టూఎన్‌డీ నొక్కి, ఎఫ్‌వీ నొక్కి పాత లెక్క చెరపండి. తర్వాత టూఎన్‌డీ, ఐ/వై నొక్కితే పీ/వై (ఏడాదికి ఎన్ని వాయిదాలు) తెర వస్తుంది. 12, ఎంటర్. ఇక్కడ ఆగి చూడండి. పీ/వై 12 చేయగానే కాల్క్యులేటర్ సీ/వైని (ఏడాదికి వడ్డీ ఎన్నిసార్లు కలుస్తుందో చెప్పేది) కూడా దానంతటదే 12 చేసేస్తుంది. కింది బాణం నొక్కి సీ/వై దగ్గర 2, ఎంటర్ కొట్టాలి. టూఎన్‌డీ, సీపీటీతో బయటికి రండి. ఇప్పుడు 300, ఎన్. 5, ఐ/వై. 400000, పీవీ. 0, ఎఫ్‌వీ. సీపీటీ, పీఎంటీ. తెర మీద మైనస్ 2,326.42 కనిపించాలి. 2,338.36 కనిపిస్తే సీ/వై 12 దగ్గరే ఉండిపోయిందని అర్థం. నెలకు 12 డాలర్ల తేడా, పరీక్షలో ఆ ప్రశ్న మార్కులన్నీ. మైనస్ చూసి కంగారు పడకండి, చేతిలోంచి పోయే డబ్బు కాబట్టి అలా చూపిస్తుంది.

హక్కుల పాఠం మనకు ఆసక్తిగా ఉంటుంది. మన దగ్గర రిజిస్టర్ అయ్యేది దస్తావేజు. అమ్మినవాడికి నిజంగా హక్కుందా లేదా అన్నది ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు వరసగా చూసి మనమే తేల్చుకోవాలి. పశ్చిమ కెనడాలో టోరెన్స్ పద్ధతి: రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని ప్రభుత్వమే హామీ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చి, 2024లో రద్దు చేసిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం వెనకున్న ఆలోచన కూడా ఇదే. ఆ గొడవను పేపర్లో చదివినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. బ్రిటిష్ కొలంబియాలో ప్రతి స్థలానికీ తొమ్మిది అంకెల పీఐడీ ఉంటుంది. అపార్ట్‌మెంట్‌ను అక్కడ స్ట్రాటా అంటారు, ఒంటారియోలో కాండో. ఫ్లాటు కొనేముందు స్ట్రాటా నుంచి ఫారం బీ తీసుకోవాలి. నెల రుసుము, బకాయిలు, కోర్టు కేసులు, మరమ్మతుల నిధి అన్నీ అందులో ఉంటాయి. పరీక్షల్లో ఆ ఫారం ఇచ్చి అందులో లోపమేంటో పట్టుకోమంటారు. మరమ్మతుల నిధి ఎండిపోయి ఉండటమే సాధారణంగా అసలు జవాబు.

5. సోషల్ సైన్సెస్: రెండేళ్లు కాలేజీలో, రెండేళ్లు యూనివర్సిటీలో

సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, ఆంత్రోపాలజీ. వీటిలో కాలేజీ ఇచ్చే అసలు విలువ ట్రాన్స్‌ఫర్, అంటే అక్కడి క్రెడిట్లతో యూనివర్సిటీకి మారడం. బ్రిటిష్ కొలంబియాలో అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ డిగ్రీకి 60 క్రెడిట్లు కావాలి. ఒక్కో కోర్సు సాధారణంగా 3 క్రెడిట్లు. అందులో ఇంగ్లిష్ 6, సైన్సు 9, ఆర్ట్స్ 36 ఉండాలి, మిగిలిన 9 మీ ఇష్టం. సైన్సు తొమ్మిదిలో 3 మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ వైపు నుంచి, ఇంకో 3 ల్యాబ్ ఉన్న కోర్సు నుంచి రావాలి. ల్యాబ్ సైన్సు సంగతి చివరి సెమిస్టరుదాకా గుర్తురాక, సీటు దొరక్క, పట్టా ఒక టర్మ్ ఆలస్యమైనవాళ్లు ఏటా ఉంటారు. రెండో సెమిస్టరులోనే తీసేసుకోండి. రెండో ఏడాది స్థాయి ఆర్ట్స్ కోర్సులు 18 క్రెడిట్లు, కనీసం రెండు సబ్జెక్టుల నుంచి ఉండాలన్నది ఇంకో షరతు.

అసోసియేట్ అని డిగ్రీ పేరున్నా అది బ్యాచిలర్స్ కాదు, దాని మీదే ఆగిపోతే వర్క్ పర్మిట్ విషయంలో డిప్లొమాతో సమానం. యూబీసీకో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీకో మారి బీఏ పూర్తి చేయాలి. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో బీసీ ట్రాన్స్‌ఫర్ గైడ్‌లో ముందే కనిపిస్తుంది. కోర్సు రిజిస్టర్ చేసుకునే ముందు చూడండి, తర్వాత కాదు. యూనివర్సిటీలో నేరుగా సమానమైన కోర్సు దొరక్క ఉత్త ఎలెక్టివ్‌గా లెక్కపడితే, క్రెడిట్లు వస్తాయి గానీ మీ మేజర్‌కు పనికిరావు. ఇంకో మాట: కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారడమంటే డీఎల్ఐ మారడం. 2024 నవంబరు 8 నుంచి దానికి ముందుగా కొత్త స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి. పాతదాని మీద క్లాసులో కూర్చుంటే షరతు ఉల్లంఘన.

చదువు సంగతికొస్తే, వ్యాసాలకు ఏపీఏ ఏడో ఎడిషన్ పద్ధతిలో ఆధారాలు చూపాలి. పుస్తకంలో వాక్యం తీసుకుని నాలుగు మాటలు మార్చి రాసేస్తే, కింద పేరు రాసినా అది కాపీయే. పని చేసే పద్ధతి ఒకటుంది: పేరా చదవండి, పుస్తకం మూసేయండి, అర్థమైంది సొంతంగా రెండు వాక్యాల్లో రాయండి, తర్వాత తెరిచి పోల్చుకుని రచయిత పేరు, ఏడాది చేర్చండి. తెలుగులో ఆలోచించి రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టినా తప్పేం లేదు, నిజానికి కాపీ తగ్గుతుంది. ఏఐ వాడొచ్చా లేదా అన్నది ఒక్కో సబ్జెక్టు సిలబస్‌లో వేరుగా ఉంటుంది, ఒక టీచరు ఒప్పుకున్నది పక్క క్లాసులో నేరం.

మనుషులను ఇంటర్వ్యూ చేసే ప్రాజెక్టు ఉంటే ముందుగా నైతిక పరిశోధన శిక్షణ, టీసీపీఎస్ టూ కోర్ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయమంటారు. అక్కడి మూలవాసుల గురించి రాసేటప్పుడు ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అని వేర్వేరుగా రాయాలి. 1876 నాటి ఇండియన్ యాక్ట్ పేరులో తప్ప వాళ్లను ‘ఇండియన్స్’ అనకూడదు. మనం ఇండియన్స్‌మే కాబట్టి ఈ పాఠం క్లాసులో అందరికంటే మనకే గమ్మత్తుగా ఉంటుంది.

6. దరఖాస్తు కాగితాలు

సెప్టెంబరు సెమిస్టరుకు ఏడాది ముందు మొదలెట్టండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ఉంటే సెమిస్టరు మెమోలు, సీఎంఎం, పీసీ, ఓడీ, బ్యాక్‌లాగ్‌లు ఉంటే వాటి వివరం. పాస్‌పోర్టులో, మెమోల్లో ఇంటిపేరు ఒకేలా ఉందా చూసుకోండి. మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్ ఇక్కడే చేయించుకుని వెళ్లండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో డిప్లొమాకు సాధారణంగా మొత్తం 6.0, గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కు, చాలా డిగ్రీలకు 6.5 అడుగుతారు. మొత్తం స్కోరు వచ్చినా రైటింగ్‌లో 5.5 దగ్గర ఆగిపోయి సీటు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఆఫర్ వచ్చాక డిపాజిట్ కడితే, కాలేజీ ద్వారా ప్రావిన్సు ఇచ్చే పీఏఎల్ అనే ధ్రువీకరణ లేఖ వస్తుంది. క్యూబెక్‌లో పద్ధతి వేరు. ఒక్కో ప్రావిన్సుకు ఏటా ఇన్ని లేఖలే అని కోటా ఉంటుంది. ఆఫర్ చేతిలో ఉన్నా, కాలేజీ కోర్సులకు పీఏఎల్ లేకపోతే దరఖాస్తు వెనక్కొస్తుంది. డిపాజిట్ కట్టేముందు, వీసా రాకపోతే ఎంత పట్టుకుని ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి.

7. డబ్బు చూపించడం

2025 సెప్టెంబరు 1 నుంచి ఒంటరి విద్యార్థి, క్యూబెక్ మినహా, జీవన ఖర్చుకు 22,895 డాలర్లు చూపాలి. అంతకుముందు 20,635 ఉండేది. దానికి మొదటి ఏడాది ఫీజు, ప్రయాణం అదనం. ఫీజు 17,000 అనుకుంటే మొత్తం 39,895. డాలరుకు 62 రూపాయల చొప్పున వేస్తే దాదాపు 24.7 లక్షలు, టికెట్ కాకుండా.

స్టడీ పర్మిట్ త్వరగా తేల్చే పాత ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబరు 8న ఆగిపోయింది. అప్పట్లో జీఐసీ (కెనడా బ్యాంకులో ముందే వేసే డిపాజిట్) తప్పనిసరి, ఇప్పుడు కాదు. అయినా ఎస్‌బీఐ కెనడా, స్కోషియా లాంటి బ్యాంకులో జీఐసీ తీసుకోవడం మంచిదే. ఆ డబ్బు అప్పటికే కెనడాలో ఉంటుంది కాబట్టి ఆఫీసరుకు సందేహం ఉండదు. మనవాళ్లు పొలాల విలువ, ఇళ్ల విలువ వేసి సీఏతో కోటి రూపాయల సర్టిఫికెట్ చేయించి పెడతారు. పొలం అమ్మితే తప్ప ఫీజు కట్టదు గదా. బ్యాంకులో కనిపించే సొమ్ము, మంజూరైన ఎడ్యుకేషన్ లోన్, ఎఫ్‌డీలు, వీటికే విలువ. దరఖాస్తుకు వారం ముందు పన్నెండు లక్షలు ఖాతాలో వచ్చిపడితే, అది ఎక్కడిదో చూపే సేల్ డీడో, లోన్ పత్రమో జతచేయాలి. విదేశాలకు పంపే సొమ్ము ఏడాదిలో 10 లక్షలు దాటితే బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది, బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే ఉండదు. పట్టుకున్నది రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, ఎవరి పాన్ మీద పట్టారో వాళ్లే.

అక్కడ పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టొచ్చన్న మాటకు ఒక లెక్క. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 24 గంటలే పని. ఒంటారియోలో 2025 అక్టోబరు నుంచి కనీస వేతనం 17.60. వారానికి 422 డాలర్లు, నాలుగు వారాలకు 1,690 లోపు, కోతలు పోకముందు. గది అద్దె, తిండి, బస్సు పాసుతో సరి.

8. స్టడీ పర్మిట్ ఫైలు

దరఖాస్తు రుసుము 150, బయోమెట్రిక్స్ 85 డాలర్లు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వేలిముద్రలు హైదరాబాద్ వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వొచ్చు. మెడికల్‌ను ఐఆర్‌సీసీ గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించాలి, మీ ఫ్యామిలీ డాక్టరు సర్టిఫికెట్ చెల్లదు. ఆఫర్ లెటర్ నిజమా కాదా అని 2023 డిసెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్ శాఖ నేరుగా కాలేజీనే అడుగుతోంది, దొంగ లెటర్లకు కాలం చెల్లింది. మీ తరఫున ఫీజు తీసుకుని పని చేసే ఏజెంటు పేరు కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ అనే నియంత్రణ సంస్థ రిజిస్టరులో ఉందో లేదో చూడండి. ఖాతా పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకోండి.

వివరణ లేఖ ఒక పేజీన్నర మించకూడదు. ‘కెనడా విద్యా ప్రమాణాలు ప్రపంచ ప్రసిద్ధం’ అన్న మొదటి పేరా చదివీ చదివీ ఆఫీసర్లకు విసుగు. బీటెక్ చేసినవాడు బిజినెస్ డిప్లొమా ఎందుకు, అదే చదువు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎందుకు కుదరదు, తిరిగొచ్చి ఏ ఉద్యోగం, ఎంత జీతం. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబుండాలి. డిగ్రీ తర్వాత డిప్లొమా అంటే కింది మెట్టుకు దిగినట్టే కాబట్టి ఆ సందేహాన్ని మీరే ముందు లేవదీసి తీర్చండి. చదువులో ఖాళీ ఏళ్లుంటే జీతం స్లిప్పులు, బ్యాంకులో పడ్డ ఎంట్రీలు జతచేయండి. అనుభవ పత్రం ఒక్కటే పెడితే నమ్మరు.

9. దిగిన రోజు నుంచి

విమానాశ్రయంలో చేతికిచ్చే స్టడీ పర్మిట్‌ను అక్కడే నిలబడి చదవండి. పేరు, గడువు తేదీ, క్యాంపస్ బయట పని చేసుకోవచ్చన్న వాక్యం ఉన్నాయో లేదో చూడండి. తప్పుంటే ఆ కౌంటరులోనే నిమిషంలో సరిచేస్తారు, ఇంటికెళ్లాక అయితే నెలలు. తర్వాత ఉద్యోగానికి కావాల్సిన సిన్ నంబరు, బ్యాంకు ఖాతా. బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ ఆరోగ్య బీమాకు దిగిన నెల పోను ఇంకో రెండు నెలలు ఆగాలి కాబట్టి ఆ మధ్యకాలానికి ప్రైవేటు బీమా ఉండాలి.

సెమిస్టరు మొదటి రెండు వారాలు కీలకం. కోర్సు వదులుకుంటే డబ్బు తిరిగొచ్చే తేదీ ఒకటి, మార్కుల జాబితాలో డబ్ల్యూ (విత్‌డ్రా) పడి బయటపడే తేదీ ఇంకొకటి ఉంటాయి. రెండూ ఫోన్లో పెట్టుకోండి. కానీ వదిలేముందు ఫుల్‌టైమ్ లెక్క చూసుకోండి. బ్రిటిష్ కొలంబియాలో చాలా కాలేజీల్లో 9 క్రెడిట్లు, ఒంటారియోలో కోర్సు భారాన్ని బట్టి లెక్క. చివరి సెమిస్టరు తప్ప మిగతా ఏ సెమిస్టరులో పార్ట్‌టైమ్‌కి జారినా పీజీడబ్ల్యూపీ పోయే ప్రమాదం ఉంది. స్టాటిస్టిక్స్ కష్టంగా ఉందని ఒక్క కోర్సు వదిలి, ఆ దెబ్బకు మూడేళ్ల పర్మిట్ పోగొట్టుకోవద్దు. వదలక తప్పకపోతే అదే వారం అకడమిక్ అడ్వైజర్ని కలిసి, ఆలస్యంగా మొదలయ్యే కోర్సు ఇంకోటి తీసుకోండి.

10. చివరి సెమిస్టరు

డిగ్రీ పూర్తి చేస్తున్నవాళ్లు మూడు తేదీలు సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు మొదటిది, పర్మిట్ దాన్ని దాటి ఇవ్వరు. పాస్‌పోర్టుకు ఏడాదే మిగిలి ఉంటే మూడేళ్ల బదులు ఏడాదే వస్తుంది, ముందే రెన్యువల్ చేయించండి. రెండోది భాషా పరీక్ష. డిగ్రీవాళ్లకు నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి కొలమానం) 7 కావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో అంటే జనరల్ ట్రైనింగ్‌లో ఒక్కో దానిలో 6.0. అడ్మిషన్ కోసం రాసిన అకడమిక్ స్కోరు ఇక్కడ పనికిరాదు, సెల్పిప్ జనరల్ అనే కెనడా ఇంగ్లిష్ పరీక్ష రాసుకోవచ్చు. మూడోది, కాలేజీ పూర్తయినట్టు లేఖ ఇచ్చిన రోజు. అక్కడి నుంచి 180 రోజుల్లో దరఖాస్తు చేయాలి, స్టడీ పర్మిట్ గడువు తీరకముందే చేసేస్తే ఫలితం వచ్చేదాకా పని చేసుకునే వీలుంటుంది. స్నాతకోత్సవం, గౌను, ఫొటోలు ఇంకో రెండు నెలలకు ఉండొచ్చు. 180 రోజులు మాత్రం లేఖ ఇచ్చిన రోజు నుంచే లెక్క.